మామ నానబెట్టిన రింగు

తప్పులుంటే మన్నించండి. నేను ఐదో తరగతి దాకే చదివాను, నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయి. మా మామ, అంటే నా పెనిమిటి వాళ్ల నాయిన, పోయిన నెల మహబూబాబాద్ దవాఖానలో కన్నుమూశాడు. పెద్దకర్మ నాడు వచ్చినవాళ్లంతా ఆయన గురించి తలా ఒక మాట చెప్పారు. నేను తలుపు చాటునే నిలబడిపోయాను. అప్పుడు మీకు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

కొత్తగూడలో ఆయన తైవాన్ పంపులు బాగుచేసేవాడు. మిరప చేనుకు మందు కొట్టడానికి వీపున మోసుకునే పెట్రోలు పంపులవి. షెడ్డులో ఎండ తగలని గూట్లో, మూతలు బిగించిన సీసాల అడుగున రబ్బరు రింగులు పెట్రోలులో నానుతూ పడుకుని ఉండేవి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అవి బొమ్మలకు వేసే గాజులేమో అనుకున్నాను. ఆ గూటి ముందు నిలబడితే నేను కూడా నీళ్ల అడుగున ఉన్నట్టు, ఎవరితో మాట్లాడాల్సిన పని లేనట్టు ఉండేది.

ఒకసారి నా పెనిమిటి పంపులో టాంకి కింది రింగు చెడి పెట్రోలు కారింది. వేడెక్కిన ఇంజను మీద చుక్క పడితే అంటుకునేది మోసేవాడి వీపే. పొయ్యి మీద ఇన్నేళ్లు ఆగింది కదా అని నేను పాత కుక్కరు రబ్బరు తెచ్చి మెల్లగా మామ ముందు పెట్టాను. ఇగ టాంకిల పప్పు కూడా పోద్దామని నా పెనిమిటి నవ్వాడు. మామ నవ్వలేదు. చిన్న ముక్క కోసి సీసాలో వేసి, మర్నాడు నన్నే తీయమన్నాడు. అది నానిన బొబ్బరిగింజలా ఉబ్బి, వేళ్ల మధ్య చిట్లింది.

"వేడికి ఆగుతది బిడ్డా, పెట్రోలుకు ఆగదు. దేని ఓర్పు దానిదే."

కోడలికి నోరు లేదా అని చుట్టాలు ఎగతాళి చేసినప్పుడు కూడా ఆయన అదే మాట అని, చాయ్ తాగుతూ కూర్చునేవాడు.

ఆయన ఎప్పుడూ రంగు చూసి రింగు కొనలేదు. నల్లనివన్నీ ఒకటి కావని, కొన్ని పెట్రోలుకు ఆగినా వేడికి బిరుసెక్కి పగులుతాయని చెప్పేవాడు. రెంటికీ ఆగేది ధర ఎక్కువ, దొరకడం తక్కువ. దవాఖానకు పోయే ముందు కూడా ఒకటి సీసాలో వేశాడు.

"వేడికి చూసిన. ఇగ పెట్రోలు చూడాలె. నేనొచ్చినంక తీద్దాం."

ఇప్పుడు మిరపకు పురుగు పట్టింది. పొద్దున పంపు మళ్లీ కారింది. నా పెనిమిటి తొందరలో సైకిలు ట్యూబు కోసి రింగు చేయబోయాడు. నాకు గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

"గా ట్యూబు వద్దు. మామది గూట్లున్నది."

సీసా మూత తీశాను. ఇన్నాళ్లు నానినా రింగు ఉబ్బలేదు. వంచితే వంగింది, వదిలితే మళ్లీ గుండ్రంగా నిలిచింది. నా పెనిమిటి దాన్ని అరచేతిలో పెట్టుకుని అంగీ కొసతో తుడిచాడు. తర్వాత బిగించాడు.

చదివాక ఈ కాగితం కాల్చేయండి, నాకు సిగ్గు. పొయ్యిలోనే వేయండి, షెడ్డు దగ్గర మాత్రం వద్దు. నేను చేనుకు దూరంగా గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. మిరప సాళ్లలో మందు మంచులా లేచింది. అందులో నా పెనిమిటి తల కనబడడం లేదు, చేతులు కనబడడం లేదు. వీపు ఒక్కటే అటూ ఇటూ కదులుతోంది, పొడిగా.