పన్నెండు వేలిముద్రలు

పోయిన నెలలో పెడనలో గుడివాడ బస్సెక్కితే, పక్క సీట్లో కాలేజీ పిల్ల ఒకతె ఫోనులో పాట పెట్టుకుంది. సన్నగానే పెట్టింది పాపం, కానీ కీబోర్డు వెనకాల డప్పు పడిన తీరుకే గుర్తుపట్టేశాను. ఏటి రేవులో పంటు పడవ కోసం ఎదురుచూసే కూలిమనిషి పాట అది. ముప్పై ఏళ్లుగా నా నోట్లో తప్ప ఇంకెక్కడా వినపడలేదు. ఎవరు పాడారమ్మా అని అడిగితే, పేరు తెలియదండీ, మా హాస్టల్లో అందరం వింటున్నాం అంది. పేరు తెలియదు అన్న మాట దగ్గర నా మనసు చివుక్కుమంది, ఎందుకంటే ఆ పేరు మరుగున పడిపోవడంలో నా చెయ్యి కూడా ఉంది.

నా ఈడు వాళ్లకు ఆవిడ గుర్తుండే ఉంటుంది. దివిసీమ మనిషి, చర్చి క్వయర్లో గొంతు దిద్దుకుని, వాళ్లమ్మ నాట్లలో పాడుకున్న పాటలకే కీబోర్డూ ప్యాడ్లూ కలిపి పాడేది. ఆర్కెస్ట్రా వాళ్లకు సినిమా పాటలు కావాలి గనుక ఆవిడను కోరస్‌లో నిలబెట్టి, జనం మంచినీళ్లకు లేచే వేళకు ఒక పాట ఇచ్చేవాళ్లు. మేం మాత్రం ఆ ఒక్క పాట కోసమే వెళ్లేవాళ్లం. తర్వాత ఒక వేసవిలో బందరు, గుడివాడ, పామర్రు ఆర్కెస్ట్రాల్లో పేరున్న ముగ్గురు గాయకులు సొంత జట్టు కట్టి, నాటుపాటకు ఒకరుండాలని ఆవిడనూ కలుపుకున్నారు. జనం దాన్ని నలుగురి పార్టీ అనేవాళ్లు. ఒకటే క్యాసెట్టు తెచ్చారు, ఆ ఒక్క వేసవే కలిసి పాడారు.

నేనప్పుడు పదో తరగతి తప్పి, మా మేనత్త వెంట కలంకారీ అద్దకం షెడ్డులో పనికి కుదిరాను. కరక్కాయ నీళ్లలో బట్ట ముంచి పిండేదీ, రంగు గిన్నెలు కడిగేదీ మేం ఆడవాళ్లం. తుప్పినుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగు కరక్కాయ తగిలిన చోట ఇట్టే పట్టేస్తుంది గనుక, ఎన్ని సబ్బులు రుద్దినా మా వేళ్లు నల్లగానే ఉండేవి. పెళ్లిచూపుల్లో చేతులు కొంగు కింద దాచుకున్న సంగతి మరోటి. షెడ్డులో టేపురికార్డరు ఉండేది. నలుగురి పార్టీ క్యాసెట్టు అరిగిపోయి ఆవిడది మగగొంతయ్యేదాకా వేశాం.

ఆ రోజుల్లో కావాల్సిన పాట చీటీ మీద రాసి స్టేజి మీదకు పంపేవాళ్లం కదా, ఎవరికి ఎక్కువ చీటీలొస్తే వాళ్లకు ఇంకో పాట దక్కేది. గుడివాడలో నలుగురి పార్టీ కచేరీ అని తెలిసి, ఈసారి ఆవిడ చేత రేవు పాట పాడించాల్సిందేనని షెడ్డులో పన్నెండు మందిమీ పట్టుబట్టాం. రాయడం వచ్చింది నాకొక్కదానికే. అన్నీ పెడన నుంచే వస్తే పక్కన పడేస్తారని ముదినేపల్లి అభిమాని, పామర్రు అభిమాని అంటూ ఊళ్లు మార్చి, దస్తూరీ మార్చి, రెండు చీటీలైతే ఎడమచేత్తో కూడా రాశాను. అంతా అయ్యాక మేనత్త అడ్డం తిరిగింది.

"రాసేది నువ్వైనా అడిగేది మేవేగదే. వేలు వెయ్యకపోతే ఎట్టా చెల్లుద్ది?"

వద్దంటే వినలేదు. ఒక్కొక్కరే వచ్చి, నల్లరంగు గిన్నెలో బొటనవేలు ముంచి, తన చీటీ అడుగున నొక్కి వెళ్లారు. చివర నేనూ నొక్కాను.

సాయంత్రం కచేరీలో చీటీలు చదివింది బందరు గాయకుడు. ఆవిడకే పన్నెండు వచ్చేసరికి ఆయన ముఖం మారింది. చీటీలు లైటుకు ఎత్తి చూపిస్తూ మైకులో, "ముదినేపల్లి నుంచి ఒకటండీ, పామర్రు నుంచి ఒకటండీ. ఊళ్లు పన్నెండు, బొటనవేలు మాత్రం ఒకటే! అమ్మాయి గారు బాగానే రాయించుకున్నారు" అన్నాడు. మైదానమంతా నవ్వింది. ఆయన కింద పడేసిన చీటీలు ఆవిడ వంగి ఏరుకుని స్టేజి దిగిపోయింది. రాసింది నేనేనండీ అని లేచి అరిస్తే సరిపోయేది. అత్త మోచేత్తో పొడుస్తూనే ఉంది, నేను లేవలేదు. భయం కాదు, అంతమంది నా వైపు చూస్తారని సిగ్గు. ఆ వారమే నలుగురి పార్టీ విడిపోయింది. వాళ్లలో వాళ్లకు ముందునుంచే పడటం లేదని ఎవరెవరో చెప్పారు గానీ నాకు ఊరట కలగలేదు. ఆవిడ మళ్లీ స్టేజి ఎక్కలేదు.

ఇదంతా బస్సులో ఆ పిల్లకు ఏం చెప్పను? పాట కింద జనం రాసిన మాటలు చదవమంటే చదివి వినిపించింది. ఒకరిది ముదినేపల్లి, ఒకరిది పామర్రు. నేను దొంగగా రాసిన ఊళ్ల నుంచే నిజం మనుషులు, ఈ గొంతు మళ్లీ వినిపించండి అని అడుగుతున్నారు. పాట పెట్టింది ఆవిడ కూతురట, ఊరి పేరు కూడా ఉంది. నచ్చితే ఈ బొటనవేలి బొమ్మ నొక్కండి ఆంటీ అని ఆ పిల్ల ఫోను చేతికిచ్చింది. నొక్కడానికి మనసొప్పలేదు.

ఆ ఆదివారమే దివిసీమ వెళ్లాను. ఆవిడ జుట్టంతా నెరిసింది, చర్చిలో పిల్లలకు పాట నేర్పి అప్పుడే ఇంటికొచ్చినట్టుంది. పెడన నుంచి వచ్చానని, ఆ చీటీలు రాసింది నేనేనని, క్షమించమని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గోళ్లు చూసింది.

"ఇంటికొచ్చాక చీటీలన్నీ పక్కపక్కన పరిచి చూశానమ్మా. ఒక వేలి గీతలు ఇంకో వేలికి లేవు. పన్నెండు మంది అడిగారని అప్పుడే తెలిసింది నాకు. ఊళ్లే అబద్ధం, కదూ?" అని నవ్వింది.

మరి ఎవరికీ చెప్పలేదేమండీ అంటే, "నన్నెవరు అడిగారమ్మా" అంది.

ఆ పన్నెండు మందీ ఎట్లా ఉన్నారని అడిగింది. అత్త పోయిందనీ, నాతో కలిపి ముగ్గురమే మిగిలామనీ చెప్పాను. నేను అడగకుండానే రేవు పాట మొదలుపెట్టి, గొంతు జీరపోతున్నా చివరిదాకా పాడింది. అత్త ఉండాల్సింది, కళ్లు తుడుచుకుంటూ అదే అనుకున్నాను.

ఇంటికొచ్చి మా కోడలి చేత ఆ పాట పెట్టించి, బొటనవేలి బొమ్మ నొక్కాను. వేలికి ఏ రంగూ అంటలేదు, అంకె మాత్రం ఒకటి పెరిగింది. ఇప్పుడు పాట నచ్చిందని చెప్పడం ఎంత తేలికో, చీటీ రాయనక్కర్లేదు, ఎవరూ దాన్ని ఎత్తి చూపించి నవ్వరు కూడా. ఎంతమంది నొక్కారో ఆవిడకు తెలుస్తుంది గానీ, ఆ వేళ్లను పక్కపక్కన పరిచి చూసుకుందామంటే వాటికి గీతలు లేవు.