నాది కాని నారింజ ముక్క

వెల్లింగ్టన్ నుంచి ఇంటికి వచ్చే రైల్లో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏమండీ, పక్కింటి తాతగారు పోయారంట. ఇందాకే వాళ్ళమ్మాయి వచ్చి చెప్పింది." లోవర్ హట్‌లో దిగి ఇంటికి నడుస్తుంటే ఆయన పోయారన్న దుఃఖంతో పాటు ఇంకొకటి కూడా మనసులో మెదిలింది. ఇక ఆ నారింజ ముక్క నాకు ఎప్పటికీ రాదు.

ఆ ముక్క సంగతి తెలియాలంటే ఆయన జట్టు సంగతి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో ఆయన ఈ ఊరవతల ఒక చిన్న కాలేజీకి ఫుట్‌బాల్ ఆడారు. ఇక్కడ కాలేజీ అంటే హైస్కూలే. రగ్బీనే ఆయన తరం ఫుట్‌బాల్ అనేది. ఆటకు పదిహేనుమంది కావాలి, బడిలో ఆడగలిగినవాళ్ళు సరిగ్గా అంతేమంది. తండ్రులో అన్నలో యుద్ధం నుంచి తిరిగి రాక, మిగతా పెద్ద కుర్రాళ్ళు చదువు మానేసి పొలాల్లో పాలు పితుకుతున్నారు. ఒకడికి భుజం ఎముక విరిగితే పద్నాలుగుమందితోనే ఆడారట. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా ఆ ఓటముల గురించి, మా ఇళ్ళ మధ్య కంచె మీద మోచేతులు ఆనించి, పెళ్ళి కబుర్లలా చెప్పేవారు. స్కోరెంత అని అడిగితే, "అది పేపరువాడి పని. నేను ఆట గురించి చెబుతున్నా," అనేవారు.

నేనేమో కుళ్ళుకునేవాణ్ణి. గుంటూరులో మా డిగ్రీ కాలేజీ వాలీబాల్ జట్టు కప్పు కొట్టింది. ఊరేగించారు కూడా. ఆ జట్టులో ఇప్పుడు నాతో మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. చిత్తుగా ఓడినవాళ్ళు ఒకరి పిల్లల పెళ్ళిళ్ళకి ఒకరు వెళ్ళడమేమిటి, ఒకరి శవపేటిక ఒకరు మోయడమేమిటి? కళ్ళలో నిప్పులు పోసుకున్నానంటే నమ్మండి.

ఏటా చలికాలంలో ఒక శనివారం బతికున్నవాళ్ళంతా ఆ కాలేజీ గ్రౌండ్‌లో చేరేవారు. ఇప్పటి పిల్లల మ్యాచ్‌కి హాఫ్ టైమ్ అవగానే నారింజలు పంచుకునేవారు. వాళ్ళు ఆడిన రోజుల్లో నారింజలు దొరకడమే గగనమట. నాలుగే కాయలు, నాలుగేసి ముక్కలు. ఆటగాళ్ళకి పదిహేను, మిగిలిన ఒక్కటీ రిఫరీకి. ఇప్పటికీ అదే లెక్క. పోయినవాళ్ళ ముక్కలు కూడా కోసి బేసిన్‌లో ఉంచేస్తారు, వాటిని ఎవరూ ముట్టుకోరు.

అప్పటికి ఇదేదీ నాకు తెలియదు. ఆయన్ని మొదటిసారి కారులో తీసుకెళ్ళిన ఏడు, బేసిన్ నా ముందుకు రాగానే గుళ్ళో ప్రసాదానికి పట్టినట్టు కుడిచేతి కింద ఎడమచేయి చేర్చి పట్టాను. ఎవరూ పెట్టకపోయేసరికి నేనే ఒక ముక్క తీసుకుని, కళ్ళకద్దుకుని తినేశాను. ముసలాళ్ళంతా నావైపు తిరిగారు.

"అది మా లెఫ్ట్ వింగ్‌లో ఆడినవాడిది," అన్నారు మా పక్కింటాయన నెమ్మదిగా. "పర్లేదులే, వాడు బతికున్నప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ప్రతి ఏడూ నేనే డ్రైవ్ చేశాను, ప్రతి ఏడూ గ్రౌండ్ చుట్టూ కట్టిన తాడుకు ఇవతలే నిలబడ్డాను. ముక్కూ మొహం తెలియని రిఫరీ వచ్చి తన ముక్క పట్టుకుపోతుంటే వాడి మీద కూడా కడుపు మండేది.

అంతమాత్రాన ఆయన నన్ను దూరం పెట్టారనుకోకండి. మా గరాజ్ తలుపు పాడైతే బాగుచేసింది ఆయనే. మా ఆవిడ పులిహోర పంపితే గిన్నె కడిగి, తన చెట్టు నిమ్మకాయలు అందులో వేసి ఇచ్చేవారు. "గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ చెప్పేది," అనేవారు. మా అమ్మ కూడా అదే చెప్పేది. కానీ నిమ్మకాయలు ఎవరికైనా ఇస్తారు. నాకు కావలసింది ఆ నారింజ ముక్క.

ఆయన పోయిన నెలకి ఆ శనివారం వచ్చింది. జట్టులో మిగిలింది కెప్టెన్ ఒక్కరే. వీల్‌చెయిర్‌లో ఉన్న ఆయన్ని నేనే తీసుకెళ్ళాను. చేతులు వణుకుతున్నాయని కత్తి నాకిచ్చారు. నేనే కోసి, బేసిన్ పట్టుకుని ఇన్నేళ్ళకి మళ్ళీ తాడు దాటి లోపలికి వెళ్ళాను. కెప్టెన్ తన ముక్క తీసుకున్నారు. రిఫరీ పరుగున వచ్చి తనది తీసుకుని వెళ్ళాడు.

"మీ టీమ్ కప్పు గెలిచిందటగా?" అన్నారు కెప్టెన్. "నీ పక్కింటాయన ఏటా అదే చెప్పి ఏడ్చేవాడు. మేమంతా నీ మీద ఎంత కుళ్ళుకున్నామో! చెప్పు, గెలిస్తే ఎలా ఉంటుంది?"

ఎంత వెతుక్కున్నా కప్పు బరువు తప్ప ఏమీ తట్టలేదు. దాన్ని రెండోవైపు ఎవరు పట్టుకున్నారో కూడా జ్ఞాపకం రాలేదు.

"గుర్తులేదండీ," అన్నాను.

కెప్టెన్ రసం పీల్చేసిన తొక్కను పళ్ళకి అడ్డంగా పెట్టుకుని, ఖాళీగా ఉన్న తన పక్క చోటుకేసి చూస్తూ, బడిపిల్లాడిలా నారింజ రంగు నవ్వొకటి నవ్వారు. పద్నాలుగు ముక్కలున్న బేసిన్ నా చేతుల్లోనే ఉంది.