మా ముగ్గురి ఇన్‌బాక్స్

నేను పనిచేసే కంపెనీ లిఫ్టులు అమ్మదు, అమ్మినవాటి బాగోగులు చూస్తుంది. విజయవాడలోనూ, ఇటు గుడివాడ, మచిలీపట్నం దాకానూ అపార్ట్‌మెంట్లలో లిఫ్టు ఆగిపోతే మా మెకానిక్ వెళ్లి బాగుచేస్తాడు. ఆఫీసు పటమటలో, ఒక బట్టల షాపు మీద. నేను చేరిన కొత్తలో ఫిర్యాదులన్నీ ఫోన్లోనే వచ్చేవి. ఎవరు ఫోనెత్తితే ఆ పని వాళ్లది. అవతలివాళ్లు అరిచేవారు, మన గొంతు పోయేది, నిజమే. కానీ ఫోను పెట్టేశాక ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారో తెలిసేది.

తర్వాత మా యజమాని ఎక్కడో మీటింగుకి వెళ్లొచ్చి, ఇకనుంచి ఫిర్యాదులన్నీ మెయిల్లోనే రావాలన్నారు. మా ముగ్గురికీ కలిపి ఒకటే అడ్రసు, ఒకటే పాస్‌వర్డు.

"ఒకళ్లు రాకపోయినా ఇంకొకళ్లు చూస్తారు కదండీ. ఏదీ మిస్సవదు," అన్నారు.

వినడానికి బాగానే ఉంది. ముగ్గురమంటే, ఒకదాన్ని నేను. అంతకుముందు చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని, అది మూతపడ్డాక ఇక్కడికొచ్చాను. రెండో ఆయన సహకార బ్యాంకులో రిటైరై, ఇంట్లో కూర్చోలేక వచ్చిన పెద్దాయన. మూడో మనిషి ఇబ్రహీంపట్నం నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. మూడేళ్ల పాపని తల్లి దగ్గర వదిలి వచ్చేది. మధ్యాహ్నం అన్నం తింటూ ఒకసారి, సాయంత్రం బయల్దేరేముందు ఒకసారి ఇంటికి ఫోన్ చేసి పాప తిన్నదీ లేనిదీ కనుక్కునేది.

ఇన్‌బాక్స్‌తో మొదటి చిక్కు ఇలా వచ్చింది. చదవని మెయిల్ పేరు మందంగా, నల్లగా కనిపిస్తుంది. ఎవరో ఒకరు తెరవగానే పలచబడిపోతుంది. నేను తెరిచి, జవాబు తెలియక, మెకానిక్‌ని అడుగుదామని వదిలేస్తే, మిగతా ఇద్దరూ దాన్ని చూసి, అయిపోయిన పనే అనుకునేవారు. వాళ్లు తెరిచి వదిలేసినవాటి గురించి నేనూ అలాగే అనుకునేదాన్ని. రెండు మూడు రోజులకి ఆ అపార్ట్‌మెంటు వాళ్లు కోపంతో మళ్లీ రాస్తే, ముగ్గురం తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదమ్మా," అనేవారు పెద్దాయన.

అప్పుడు యజమాని తలా ఒక రంగు ఇచ్చారు. జవాబిచ్చిన మెయిల్‌కి మన రంగు తగిలించాలి. నాది ఆకుపచ్చ, అమ్మాయిది ఎరుపు, పెద్దాయనది నీలం. నెలాఖరుకి ఎవరి రంగు ఎంత ఉందో యజమాని చూసేవారు. ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ ఉండేది. నీలం ఎక్కడో ఒకటి, వెతికితే కనిపించేది. పెద్దాయన ఒక్క వేలితో టైపు చేసేవారు. ఒక మెయిల్ తెరిస్తే మెకానిక్‌కి ఫోన్ చేసి, విడిభాగాలుండే స్టోరుకి ఫోన్ చేసి, ఆ లిఫ్టుకి అంతకుముందు ఏం జరిగిందో వెనక్కి వెళ్లి చదివి, అప్పుడు మొదలెట్టేవారు. ఆయన ఒకటి రాసేలోపు మేమిద్దరం "మీ ఫిర్యాదు అందింది, మా మెకానిక్ త్వరలో వస్తారు" అని డజను మెయిళ్లకి రాసి పడేసేవాళ్లం. మాకు ఆయన మీద విసుగుగానే ఉండేది. పైకి అనేవాళ్లం కాదు, అంతే.

ఇంకో నియమం కూడా ఉండేది. జవాబు కింద పేర్లు రాయకూడదు. "సర్వీసు విభాగం" అని మాత్రమే ఉండాలి. కంపెనీ అంతా ఒక్క మాట మీద ఉన్నట్టు కనిపించాలని యజమాని ఉద్దేశం.

ఆ పని ఒళ్లు అలిసే పని కాదు. కుర్చీ, ఫ్యాను, పదకొండింటికి టీ. అయినా ఇంటికొచ్చేసరికి నాలో ఏమీ మిగిలేది కాదు. ఇంట్లో ఫోన్ మోగితే, ఎవరో ఒకరు తీస్తార్లే అని కూర్చునేదాన్ని. మావారు "ఏం కూర చెయ్యను?" అని అడిగితే, ఆ ప్రశ్నకి ఇంకెవరో జవాబిస్తారన్నట్టు గోడకేసి చూసేదాన్ని. ఆయన కాసేపు చూసి, తనే బెండకాయలు కోసుకునేవారు.

ఒక వానాకాలం, పటమటలోనే మా ఆఫీసుకి దగ్గరున్న ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగింది. నాలుగో అంతస్తులో ఉండే ఒకావిడ మెయిల్ రాశారు. ఏదో కాలేజీలో లెక్కలు చెబుతారట. వాళ్ల అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి విరిగి ఆపరేషన్ అయింది. రేపు ఆసుపత్రి నుంచి పంపించేస్తామంటున్నారు. లిఫ్టు బాగవుతుందంటే ఇంటికి తీసుకొస్తాం, లేదంటే మంగళగిరిలో మా ఆడపడుచు ఇల్లు కింది వాటాలోనే ఉంది, అక్కడికి తీసుకెళతాం, ఏ సంగతో చెప్పండి అని అడిగారు. జవాబు రాకపోయేసరికి మర్నాడు పొద్దున్నే ఇంకో సబ్జెక్టుతో మరో మెయిల్ రాశారు. అలా ఒకే మనిషివి రెండు మెయిళ్లు, ఇన్‌బాక్స్‌లో వేర్వేరు చోట్ల పడ్డాయి.

మొదటిదాన్ని పెద్దాయన తెరిచారు. అలవాటు ప్రకారం స్టోరుకి ఫోన్ చేశారు. మోటారుకి సంబంధించిన ఒక పార్టు చెన్నై నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదు. ఆయన నిదానంగా రాశారు. "అమ్మా, పార్టు రాలేదు. ఈ వారంలో లిఫ్టు నడుస్తుందని నేను మాటివ్వలేను. మీ అత్తగారిని మంగళగిరి తీసుకెళ్లడమే మంచిదని నా అభిప్రాయం."

ఆయన జవాబు పంపిన కాసేపటికి రెండో మెయిల్‌ని అమ్మాయి తెరిచింది. అప్పుడే మెకానిక్ ఫోన్ చేసి, ఆ అపార్ట్‌మెంటుకే వెళ్తున్నానన్నాడు. అతను వెళ్తున్నది ఉత్తినే చూసి రావడానికి. అమ్మాయి దాన్ని బాగుచెయ్యడానికనుకుంది. "మా మెకానిక్ బయల్దేరారు. ఇవాళ సాయంత్రానికి లిఫ్టు సిద్ధంగా ఉంటుంది," అని రాసి ఎరుపు తగిలించి ఇంకోదానికి వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆవిడ ఆఫీసుకొచ్చారు. మా మేడకి లిఫ్టు లేదు. మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, చేతిలో గొడుగు బయటే ఆనించి లోపలికొచ్చారు.

"సర్వీసు విభాగం అంటే మీరేనాండీ?"

"మేమేనండీ, కూర్చోండి," అన్నాను.

కూర్చోలేదు. "మొన్న పొద్దున నాకు జవాబిచ్చింది ఎవరు?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. మొదట మంగళగిరి తీసుకెళ్లమని జవాబొచ్చింది. సరేనని ఆడపడుచుకి చెప్పి, అక్కడ మంచం కూడా వేయించారు. ఇంకాసేపటికే అదే అడ్రసు నుంచి, సాయంత్రానికి సిద్ధమని ఇంకోటి వచ్చింది. తర్వాత వచ్చిందే సరైనదని నమ్మారు. పార్టు దొరికిందేమో, పాపం మళ్లీ గుర్తుపెట్టుకుని చెప్పారనుకున్నారు. ఆడపడుచుకి వద్దని చెప్పి, ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి తీసుకొచ్చారు. లిఫ్టు నడవలేదు. వానలో అంబులెన్సు వాళ్లు తొందరపెట్టారు. ఎదురింటాయనా, వాచ్‌మెన్, ఇంకో ఇద్దరూ కలిసి ఆ పెద్దావిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు అంతస్తులూ మోశారు.

"మలుపు తిరిగేటప్పుడల్లా అరిచిందండీ ఆవిడ. నా పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆవిడ గొంతు పెద్దది చెయ్యగా నేను ఎప్పుడూ వినలేదు."

ఆవిడ కోపంగా మాట్లాడలేదు. అలిసిపోయినట్టు మాట్లాడారు.

"నేను పోట్లాడ్డానికి రాలేదు. మీలో నిజం చెప్పే మనిషి ఒకరున్నారు. అది ఎవరో తెలిస్తే, ఇంకోసారి వాళ్ల మాటే వింటాను. అందుకొచ్చాను."

పెద్దాయన కుర్చీలోంచి లేచారు. "మొదటిది నేను రాశానమ్మా," అన్నారు. తర్వాత వెంటనే, "రెండోది అబద్ధం కాదు. మెకానిక్ వస్తున్నాడంటే ఆ పిల్ల అలా అనుకుంది. మేం ఒకళ్లు రాసింది ఒకళ్లం చూసుకోలేదు," అన్నారు.

అమ్మాయి తల వంచుకుని కీబోర్డు కేసే చూస్తోంది. ఆవిడ ఆమె వంక కాసేపు చూశారు. పెద్దాయన ఫోన్ నంబరు రాయించుకుని వెళ్లిపోయారు.

"మెకానిక్ వెళ్తున్నానన్నాడక్కా. నేను కావాలని రాయలేదు," అంది అమ్మాయి.

"తెలుసమ్మా."

"సాయంత్రానికి అని అతను అనలేదు. అది నేనే కలిపాను. అలా రాస్తే వాళ్లు మళ్లీ రాయరు కదా అని."

నేను కూడా అలా కలిపినవి చాలా ఉన్నాయి. అది ఆమెకి చెప్పాను. అయినా ఆమె ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు.

మర్నాడు ఆమె బస్సుకి వెళ్లే దారిలో ఆ అపార్ట్‌మెంటుకి వెళ్లిందట. మాకు ముందు చెప్పలేదు. నాలుగు అంతస్తులూ ఎక్కి తలుపు కొడితే, లెక్కల మేడం కాలేజీ నుంచి ఇంకా రాలేదు. పనిమనిషి తలుపు తీసింది. మంచం మీదున్న పెద్దావిడకి తను ఎవరో, ఎందుకొచ్చిందో చెప్పింది.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ఈమెయిలంటే ఏంటమ్మా అనడిగారక్కా. చెప్పాను. అంతా విని, నీకు పిల్లలెంతమంది అన్నారు. ఒక్కతే పాప అన్నాను. అయితే పొద్దుపోయింది, ముందు ఇంటికెళ్లు, అన్నారు."

ఆ తర్వాత పార్టు వచ్చింది, లిఫ్టు నడిచింది. సంగతంతా యజమానికి తెలిసి, ఇకనుంచి ఎవరి జవాబు కింద వాళ్ల పేరు రాయమన్నారు. అదే మంచిదనుకున్నాం. నెల తిరక్కుండానే మెయిళ్లన్నీ పెద్దాయన పేరు మీదే రావడం మొదలైంది. లెక్కల మేడం చెప్పారో, వాళ్లకే తెలిసిందో, ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లంతా "ఆయనే చూడాలి" అని రాసేవారు. మేం తెరిచి జవాబిచ్చినా, "మీరు కాదండీ, ఆయన్ని చెప్పమనండి," అనేవారు. ఆయన ఒక్క వేలితోనే, అదే నిదానంతో రాసేవారు. పని పేరుకుపోయింది. ఆయన సాయంత్రాలు ఆగిపోవడం, ఫోన్లో కూడా మెయిల్ పెట్టుకుని ఇంట్లో చూడటం మొదలెట్టారు. మేం కొన్ని తీసుకుంటామంటే, "నా పేరడిగి రాశారు కదమ్మా," అనేవారు. నిజమే. కానీ ఆయన కళ్ల కింద వాపు చూస్తే నాకు మంచిగా అనిపించేది కాదు.

వేసవి మొదట్లో మానేస్తానన్నారు. యజమాని ఉండమన్నారు, జీతం పెంచుతానన్నారు. ఆయన వినలేదు.

ఆఖరి రోజు సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి ఫోన్ అందించారు. "ఇందులోంచి ఆ మెయిల్ తీసెయ్యమ్మా. ఇంట్లో మోగుతూనే ఉంటోంది. అన్నం తింటూ కూడా చూస్తున్నానని మా ఆవిడ కేకలేస్తోంది."

తీసేశాను. మెయిళ్లన్నీ ఒక్కసారిగా మాయమై తెల్లటి తెర మిగిలింది.

"ఇంక రావుగా?"

"రావండీ."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, వెంటనే వెళ్లకుండా ఎదురు కుర్చీలో కూర్చున్నారు. కింద నుంచి టీ తెప్పించాను. ముగ్గురం తాగాం. ఆయన గ్లాసు కింద పెట్టి, "మీరిద్దరూ ఏదైనా రాసేముందు ఒకళ్లకొకళ్లు పైకి చెప్పుకోండి. అంతకన్నా ఏమీ లేదు," అని లేచారు.

ఆయన స్థానంలో ఎవర్నీ తీసుకోలేదు. ఇద్దరు చాలన్నారు యజమాని. ఇప్పుడు నేను జవాబు రాసేముందు వెనక్కి వెళ్లి చదువుతాను, స్టోరుకి ఫోన్ చేస్తాను. దాంతో ఆకుపచ్చ తగ్గింది, నెలాఖరున యజమాని అడుగుతూనే ఉన్నారు. పని తగ్గలేదు, అలసటా తగ్గలేదు. మొన్న మధ్యాహ్నం బల్ల అవతల నుంచి అమ్మాయి తల తిప్పకుండానే అడిగింది.

"అక్కా, గుడివాడ వాళ్లది తెరిచి ఉంది. నువ్వు చూస్తున్నావా?"

"నేనే. మెకానిక్ ఫోన్ ఎత్తట్లేదు."

"సరే అయితే, అదే నేను రాస్తాను. ఫోన్ ఎత్తట్లేదు, తెలియగానే చెప్తాం అని."

"రాయి," అన్నాను.