క్యారియర్ పేరు లేని కాగితం

హాంబుర్గ్‌లో మా బ్యాంకు నాలుగో అంతస్తులో ఛాయాదేవిగారంటే అందరికీ హడల్. బందరు మనిషి. ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఒక్కటే, ఎల్సీల కింద వచ్చిన ఓడ కాగితాలు చదవడం. ఎల్సీ అంటే, అడిగిన కాగితాలు అడిగినట్టు పెడితే సరుకు డబ్బు బ్యాంకే ఇస్తుందన్న హామీ. ప్రతి లైను కిందా స్టీలు స్కేలు పెట్టి చదువుతారావిడ. నా పేరు మనోజ్ఞ, పక్క సీటు నాది.

మొన్న మార్చిలో పుంగనూరు నుంచి మామిడి గుజ్జు కాగితాలొచ్చాయి. అమ్మినాయన పేరు నరసింహులు. జర్మనీకి ఆయన పంపిన మొదటి సరుకు అది. సరుకు ఓడ ఎక్కించినట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మీద చెన్నై ఏజెంటు దర్జాగా సంతకం గీకి, ‘క్యారియర్ తరఫున’ అని ముద్ర కొట్టాడు. ఏ క్యారియర్? సరుకు మోస్తానని బాధ్యత తీసుకున్న కంపెనీ పేరు కాగితం మొత్తంలో ఎక్కడా లేదు. ఏజెంటుగారి పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది. శుభలేఖలో పెళ్లికొడుకు పేరు మరిచిపోయినట్టుంది.

ఛాయగారు స్కేలుతో బల్లమీద ఒక్కటేశారు.

"ఆ ముద్ర ఎప్పుడో చేయించుకుని ఉంటాడు వెధవ! అందరికీ తెలుసులే అనుకుంటాడు. ఆ ఓడ ఎవరిదో నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం? కాగితం మీద లేనిది నేను చూడకూడదు."

అప్పుడే మా టీమ్ లీడర్ లోరెన్స్ వచ్చాడు. గుజ్జు ధర పడిపోయింది, కొన్న బ్రేమెన్ కంపెనీకి, అంటే మా ఖాతాదారుకి, ఈ సరుకు ఇప్పుడు అక్కర్లేదు.

"తప్పు దొరికిందా? మంచిది. చెప్పడానికి మనకు ఐదు పనిదినాల గడువుంది. తొందరేం లేదు," అన్నాడు నవ్వుతూ.

ఎల్సీ గడువేమో ఇంకా పన్నెండు రోజులే. వారం ఇక్కడే నానబెడితే, కాగితం చెన్నై వెళ్లి దిద్దుకుని తిరిగి రాలేదు. సరుకు రేవులో పడి ఉంటే కొన్నవాళ్లు సగం ధరకి బేరం పెడతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

ఛాయగారు గంటలో నరసింహులు బ్యాంకుకి తిరస్కరణ పంపేశారు. నిబంధనలకు విరుద్ధమని ముక్తసరిగా తేల్చెయ్యకుండా, ఏ పేరు లేదో, సంతకం ఎవరి తరఫునో ఎందుకు తెలియడం లేదో విడమరిచి రాశారు. కింద పద్ధతి ప్రకారం తన పేరు, నంబరు. కాగితాలు ఆ సాయంత్రమే కొరియర్‌లో వెనక్కి వెళ్లాయి.

మర్నాడు నరసింహులు ఫోన్ చేశాడు. ఆ అరుపులు నా దాకా వినిపించాయి.

"ఏమ్మా, పేరు చూస్తే తెలుగోళ్ల మాదిరుండారే! మనోళ్లే మన కడుపు కొడితే ఎట్లమ్మా? ఒక పేరు ల్యాకపోతే ఇన్ని డ్రమ్ములు వద్దంటారా?"

"నేను కొన్నవాళ్ల బ్యాంకు మనిషినండీ, మీకు సలహా చెప్పకూడదు. నేను పంపిన మెసేజీ మీ ఏజెంటు ముందు పెట్టి చదివించండి. ఇవాళే."

"ఆడికి పొయ్యి జర్మనోళ్లయిపోయినారు!" అని పెట్టేశాడు.

"అంత తొందరగా ఎందుకు పంపారో చెప్పొచ్చుగా ఆంటీ!" అని నేను అరిచాను.

"చెప్తే లోరెన్స్ ఐదు రోజుల సంగతీ చెప్పాలి. బ్యాంకు లోపలి మాట బయట పెట్టనమ్మాయ్."

ఎల్సీ గడువు చివరి రోజు మధ్యాహ్నం కొత్త బిల్ ఆఫ్ లేడింగ్ వచ్చింది. ఈసారి క్యారియర్ పేరుంది, ఆ పేరు తరఫునే ఏజెంటు సంతకముంది. లోరెన్స్ వచ్చి వెనకాలే నిలబడ్డాడు. ఛాయగారి స్కేలు చివరి లైను దాకా దిగింది.

"సరిగ్గా ఉంది."

"ఇంకోసారి చూడండి."

"చూసేదేదో మొదటిసారే చూస్తాను. తప్పుందని రాయాలంటే మీ సంతకంతో మీరే రాయండి."

అతను రాయలేదు. డబ్బు వెళ్లింది.

రెండు వారాలైనా పుంగనూరు నుంచి ఫోన్ లేదు. "తిట్టడానికైతే నంబరు దొరికింది!" అన్నాను కసిగా.

"డబ్బొచ్చినవాడు బ్యాంకుకి ఎందుకు ఫోన్ చేస్తాడమ్మా?" అంటూ ఆవిడ తర్వాతి కాగితం నా ముందుకి తోశారు. వేరే ఎవరిదో సరుకు. కింద అదే చెన్నై ఏజెంటు, అదే పాత ముద్ర.

ఈసారి స్కేలుతో బల్లమీద నేను కొట్టాను.