మహబూబాబాద్ గోదాము పాస్‌వర్డ్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో మా విత్తన వ్యాపార సంస్థ నన్ను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా జనగామ ప్రధాన కార్యాలయానికి బదిలీ చేసింది. మహబూబాబాద్, భూపాలపల్లి గోదాముల లెక్కలు అక్కడి లినక్స్ సర్వర్ మీదే నడిచేవి.

చేరగానే మహబూబాబాద్ వెళ్లమన్నారు. అక్కడి గుమస్తా స్వరూప ఖాతా నుంచి కొన్ని మిర్చి విత్తనాల సంచులను తడిసినవిగా రాసి లెక్కలోంచి కొట్టేసి ఉంది. ‘సంచులు తాకి చూశాను, పొడిగా ఉన్నాయి’ అని నా ఆనాటి డైరీలో ఉంది. బయట అమ్ముకోవడానికే ఆమె అలా రాసిందని ఆ గోదాము మేనేజర్ రంగారావు అభియోగం. ఆమెను తొలగించే ఉత్తర్వు టైపు చేయించి, సంతకం ఒక్కటే మిగిల్చారు.

“ఆమె పాస్‌వర్డ్ ఏందో జర తీసి చెప్పుండ్రి సార్, ఆర్డర్ల రాస్త,” అన్నారు.

పాస్‌వర్డ్ సర్వర్‌లో ఉండదని చెప్పాను. ఖాతాల పేర్లుండే ఫైలులో పాస్‌వర్డ్ చోట ఒక ఎక్స్ గుర్తు మాత్రమే ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌కే తెరుచుకునే షాడో ఫైలులో ఉండేది హాష్, అంటే పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టలేని విధంగా మార్చిన అక్షరాల వరుస. మార్చే ముందు సాల్ట్ అనే అడ్డదిడ్డమైన అక్షరాలను ఒక్కో ఖాతాకు ఒక్కో రకంగా కలుపుతారు. అందుచేత ఇద్దరిది ఒకే పాస్‌వర్డ్ అయినా వరుసలు వేరుగా ఉంటాయి.

“మరి గింత దూరం ఎందుకొచ్చిండ్రు సార్?” అన్నారు రంగారావు.

“నేనెవ్వలకు చెప్పలే సార్,” అంది పక్కనే నిలబడ్డ స్వరూప. “మా ఇంటాయన అడిగినా చెప్పలే.”

అక్కడి కంప్యూటర్ నుంచే జనగామ సర్వర్‌లోకి వెళ్లి షాడో ఫైలు తెరిచాను. స్వరూపది, రంగారావుది, భూపాలపల్లి గుమస్తాది సాల్ట్‌తో సహా ఒకే వరుస. నాకు ముందున్న టెక్నీషియన్ ఒక ఖాతా వరుసనే మిగతావాటికి నకలు చేశాడన్నమాట. ఆ పాస్‌వర్డ్‌ను ఒక్కొక్కరికీ విడిగా చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నాడు. అందరూ మాట నిలబెట్టుకున్నారు. కాబట్టి అందరిదీ ఒకటేనని ఎవరికీ తెలియలేదు.

స్వరూప ఖాతా పేరు కొట్టి, రంగారావును తన పాస్‌వర్డ్ వేయమన్నాను. తెరుచుకుంది.

“గిదేంది, నాదానితోని తెరుసుకున్నది?”

“ఇగ ఆర్డర్ల మీ పేరు గూడ రాయుండ్రి సార్,” అంది స్వరూప.

సంచులు లెక్కలోంచి కొట్టేసిన రోజు ఆ ఖాతాలోకి వచ్చింది భూపాలపల్లి కంప్యూటర్ నుంచని సర్వర్ నమోదుల్లో ఉంది. అక్కడికి ఫోన్ చేశాను. వాన పడితే వాళ్ల గోదాము కారి సంచులు తడిశాయట. గుమస్తాల ఖాతా పేర్లు వాళ్ల గోదాము నంబర్లే. అక్కడి గుమస్తా ఒక అంకె తప్పు కొట్టాడు. తెరుచుకుంది కాబట్టి తన ఖాతాయే అనుకున్నాడు.

రంగారావు ఉత్తర్వు చించేశారు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంటే పెట్టుకుని, అదేమిటో నాకు చెప్పబోయారు. వద్దన్నాను.

ఆ తర్వాత నేను తెరిచిన ప్రతి ఖాతాకూ, మొదటిసారి లోపలికి రాగానే పాస్‌వర్డ్ మార్చక తప్పని నియమం పెట్టాను. పాస్‌వర్డ్ ఒక్కరిదేనని రుజువయ్యే వరకు, ఆ ఖాతాలో జరిగిన పనికి ఆ ఒక్కరినే బాధ్యులుగా రాయకూడదు.