టీచరమ్మ పేరు రాయించుకోని ఆదివారాలు

మా సండే స్కూలు టీచరమ్మ పోయిన ఆదివారం చనిపోయింది. ఆ కబురు విని నేను ఏడవలేదని మా ఇంట్లో రాతిగుండె అన్నారు. తర్వాత మూడు రోజులు డ్యూటీకి వెళ్లకపోతే ఒళ్లు బద్ధకం అన్నారు. "టీచరమ్మ పేరు జెప్పి పని ఎగ్గొడ్తున్నవా? డిగ్రీ సదివిన కాళ్లకు గని దుమ్ము పడ్తలేదా?" అని అమ్మ అడిగింది. ఇరవై నాలుగేళ్లు ఒకే కప్పు కింద ఉన్నా, నేను దేనికి ముడుచుకుపోయానో వాళ్లకు అందలేదు.

టీచరమ్మ గోదావరిఖనిలో ఒక భూగర్భ గని ల్యాంపు రూములో పనిచేసేది. కిందికి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు మీద నెత్తికి పెట్టుకునే ఒక ల్యాంపు. షిఫ్టు ముగిశాక పైకొచ్చి తిరిగి ఇచ్చేస్తే, దాన్ని దాని గూట్లో పెడతారు. ఏ గూడైనా ఖాళీగా మిగిలితే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆమె భర్త గూడు ఒకరోజు అలాగే ఖాళీగా మిగిలింది. ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఆ గూళ్ల ముందే ఆమె ఇరవై ఏళ్లు నిలబడింది.

చర్చి పక్క గదిలో మా పదిమందికి ఆమె పాఠం చెప్పేది. కాలాన్ని వృథా చేయొద్దనే వాక్యం వచ్చిన రోజు, మేము టైం టేబుల్ గురించి చెబుతుందనుకున్నాం. ఆమె ల్యాంపు గురించి చెప్పింది. "దినం గూడ ల్యాంపు లెక్కనే బిడ్డా. మనది గాదు. షిఫ్టు అయితే ప్రభువుకు వాపస్ ఇయ్యాలె. ఆ ఎలుతుర్ల ఎవల మొఖం జూసినవ్ అని అడుగుతడాయన."

ఆదివారం గని ఆగుతుంది. పంపులు నడపడానికి, మరమ్మతులకు మాత్రం కొందరిని పిలుస్తారు. దాన్ని ఇక్కడ ప్లే డే అంటారు. జీతం రెట్టింపు కాబట్టి అందరూ పేరు రాయించుకోవడానికి పోటీ పడతారు. టీచరమ్మ ఒక్కసారి కూడా రాయించుకోలేదు. ఆరాధన అయ్యాక, ఊపిరితిత్తులు పాడై ఇళ్లకు పరిమితమైన పాత కార్మికుల దగ్గరికి వెళ్లేది. సంచిలో బైబిలుతో పాటు గోళ్లు తీసే కత్తెర ఉండేది. నన్నూ వెంట తీసుకెళ్లేది.

"ఏంది తాతా, గోర్ల కింద ఇంకో గని దాసుకున్నవా?" అని ఒక తాతను అడిగేది.

"నీకు రాసిస్త తియ్, తవ్వుకో" అనేవాడా తాత, దగ్గుతూనే.

ఇంటర్లో ఉన్నప్పుడు నా తెలివంతా పెట్టి ఒక పట్టిక తయారుచేశాను. ఒక్కో ఇంటికి ఇరవై నిమిషాలు, అప్పుడు సాయంత్రంలోగా ఏడు ఇళ్లు. షిఫ్టుల మధ్య పెరిగినదాన్ని, నాకు సమయం అంటే అదే. ఆ తాత ఇంట్లో ఇరవై నిమిషాలు కాగానే లేచి చెప్పులు వేసుకున్నాను. ఆయన అప్పుడే నా వైపు తిరిగి, "అవ్వా, నీకొక మాట జెప్పాలె..." అని మొదలుపెట్టాడు. నేను టీచరమ్మకు ఫోనులో టైం చూపించాను. ఆయన చూశాడు. "సరే, వచ్చే ఐతారం చెప్త" అన్నాడు.

శుక్రవారం ఆ ఇంటి ముందు టెంటు వేశారు.

టీచరమ్మ నన్ను తిట్టలేదు. అంత్యక్రియల నుంచి తిరిగి వస్తుంటే ఆటోలో ఒక్క మాటంది. "గడియారం జూసుడు తప్పు గాదు బిడ్డా. ఆయన మొఖం ఇడ్శిపెట్టి జూసినం. గది తప్పు." తాత చెప్పాలనుకున్న మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకెవరికీ తెలియదు.

రెండేళ్ల క్రితం, గనిలో పనిచేసే మా బాపును ఆరోగ్యం చెడిందని అన్‌ఫిట్ చేశారు. ఆయన ఉద్యోగం నాకు వచ్చింది, అదే ల్యాంపు రూములో. ఇంటిమీద ఇంకో అంతస్తు మొదలుపెట్టాం. ప్రతి ఆదివారం ప్లే డేకు నా పేరు ఇవ్వడం మొదలైంది. నా చిన్నప్పుడు బాపు కూడా అంతే. ఏ ఆదివారమూ ఆయన ఇంట్లో ఉన్న గుర్తు లేదు. ఇప్పుడాయన రోజంతా మంచం మీదే కూర్చుంటాడు. మేమిద్దరం మాట్లాడుకునేది మందుల వేళల గురించే.

చనిపోవడానికి మూడు రోజుల ముందు, గురువారం, దవాఖానలో చేరిన టీచరమ్మను చూశాను.

"ఐతారం వస్తవా?" అంది.

"ప్లే డే ఉంది టీచరమ్మా. సోమవారం వస్త."

"మరి మీ బాపుతోని ఎప్పుడు కూసుంటవ్?"

"బాపు ఏడికి వోతడు, ఇంట్లనే ఉంటడు" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. నా వేళ్లు పట్టుకుని, "మా ఇంటాయన సంగతి నేను గూడ గట్లనే అనుకున్న" అంది.

ఆదివారం పొద్దున ఒక పంపు ఆపరేటరుకు ల్యాంపు ఇస్తుండగా ఫోను వచ్చింది. మాట్లాడి పెట్టేసి, తర్వాతి మనిషి నంబరు అడిగాను. షిఫ్టు అయ్యేదాకా ల్యాంపులు ఇస్తూనే ఉన్నాను. ఏడవకపోవడం గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఈ సాయంత్రం అమ్మ మళ్లీ అడిగింది, "రేపటికి పేరు ఇచ్చినవా లేదా? స్లాబు వానల ముందే పడాలె."

మంచం మీంచి బాపు అందుకున్నాడు. "ఇయ్యకేం జేస్తది? నేనెన్నడన్న నాగా పెట్టిన్నా?"

"పెట్టలే బాపు" అన్నాను. "అందుకే నాతోని కూసుంటే నువ్వేం మాట్లాడ్తవో నాకు తెల్వదు."

ఆయన ఊపిరి తీసుకుంటున్న చప్పుడు గదంతా వినిపించింది. అమ్మ నా వైపు కోపంగా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

రేపటి ప్లే డేకు నా పేరు ఇవ్వలేదు. ఆ తర్వాతి ఆదివారానికీ ఇవ్వను. స్లాబు ఆలస్యమవుతుంది.