అద్దంలో కనబడే మనిషి

ల్యాబులో నా బల్ల కింద గడ్డి పరిచిన బుట్టలో చిన్న రసాలు మాగుతున్నాయి. నూజివీడు నుంచి సుభద్ర మేడం తమ్ముడు పంపించాడు. తలుపు తీయగానే ఆ వాసన మొహానికి కొడుతుంది. పొద్దుటినుంచీ కంప్యూటర్లో మెదడు బొమ్మలు చూసి కళ్ళు మండిపోయి, ఇక చాలు, ఇంటికి పోదాం అనుకునే వేళ ఆ వాసన నన్ను మళ్ళీ కుర్చీలో కూర్చోబెడుతుంది. ఈ పని నాకు నేర్పింది మేడమే.

నేను చేరిన కొత్తలో ఒక స్కాను తీసుకెళ్ళి గొప్పగా చూపించాను. మెదడు పని పెరగడం, తగ్గడం చూపే గీతలో ఎగుడుదిగుళ్ళన్నీ తీసేసి చక్కగా నున్నగా చేశాను మరి. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి చూశారు.

"ఇదేంటమ్మాయ్, ఇస్త్రీ చేసి తెచ్చావా? మా తోటలో పూత అంతా ఒక్కసారే రాదు. ఒక కొమ్మన పిందె ఉంటే ఇంకో కొమ్మన అప్పుడే పూత. అంతా ఒకేసారి పూస్తే ఒక్క మబ్బుకి మొత్తం పోతుంది. ఆ తేడాలే తోటని కాస్తాయి. నువ్వు వాటినే ఏరి పారేశావు."

ఊరికే పడుకున్న మనిషి మెదడు కూడా ఊరుకోదు. ఒకచోట పని పెరుగుతుంది, ఇంకోచోట తగ్గుతుంది, ఒకదాన్ని చూసి ఇంకోటి సర్దుకుంటుంది. మతిమరుపు మొదలైనవాళ్ళలో ఆ సందడి తగ్గిపోయి, అంతా ఒకే తీరుగా మారుతుందా? ఆవిడ ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్నతోనే గడిచింది. మెదడులో ఏ మూల ఏముందో చెప్పేవాళ్ళకి సభల్లో చప్పట్లు పడేవి. అన్నీ కలిపి చూడాలనే ఈవిడతో మాత్రం "బాగుందండీ" అని టీకి లేచి వెళ్ళిపోయేవారు.

స్కానుకి వచ్చేవాళ్ళు ఎక్కువగా నూజివీడు చుట్టుపక్కల తోటల్లో పనిచేసిన పెద్దవాళ్ళు. స్కాను యంత్రంలో పడుకోవాల్సిన ఆ గొట్టాన్నీ దాని మోతనూ చూసి హడలిపోయేవారు. అందుకని మేడం గాజులు, వాచీ తీసి పక్కన పెట్టి, ముందు తనే అందులో పడుకునేవారు. తర్వాత వాళ్ళని పడుకోబెట్టి, మోత మొదలయ్యేదాకా పాదం పట్టుకుని, ఆ పైన కాళ్ళ దగ్గరే నిలబడేవారు. లోపల కళ్ళకి ఎదురుగా చిన్న అద్దం ఉంటుంది. అందులో ఆవిడ కనబడేవారు.

ఒకసారి బాపులపాడు నుంచి తండ్రిని తీసుకొచ్చినతను అడిగాడు. "మేడంగారూ, నాన్న మమ్మల్ని కూడా మర్చిపోతాడాండీ?"

"చాలామందిని కలిపి చూస్తే ఇది ఏదో ఒకటి చెబుతుంది బాబూ. ఒక్క మనిషి సంగతి దీనికి తెలీదు. తెలుసని చెబితే అది అబద్ధమే."

అతని మొహం చూడలేక నేను బయటికి వచ్చేశాను. ఒక్క మంచి మాట చెబితే ఏం పోతుందని ఆవిడ మీద కోపం కూడా వచ్చింది.

రిటైరై తోటకి వెళ్ళాక మేడం పేర్లు మర్చిపోవడం మొదలుపెట్టారు. కిందటేడు తమ్ముడు ఆవిడని స్కానుకి తీసుకొచ్చాడు. నన్ను చూసి, "ఎవరమ్మా నువ్వు?" అని మర్యాదగా అడిగారు. తమ్ముడు నన్ను పక్కకి పిలిచి అదే ప్రశ్న వేశాడు. "అక్క మమ్మల్ని కూడా మర్చిపోతుందాండీ?"

మంచి మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ఒక్కరి సంగతి దీనికి తెలీదండీ," అన్నాను. ఇన్నేళ్ళ పనిలో నన్ను అంతగా అలసిపోయేలా చేసిన మాట ఇంకోటి లేదు.

ఆవిడ యంత్రాన్ని చూసి వెనక్కి తగ్గారు. నేను గాజులు తీసి ముందు పడుకున్నాను. అద్దంలో చూస్తే ఆవిడ తమ్ముడి చెయ్యి విడిపించుకుని వస్తున్నారు. వచ్చి నా పాదం పట్టుకున్నారు.

"భయపడకు తల్లీ, నేనిక్కడే ఉంటాను," అన్నారు.

మోత మొదలయ్యాక కూడా ఏడుపు ఆగక లోపల అటూ ఇటూ కదిలాను. నా స్కాను పాడైంది. దాన్ని నున్నగా చెయ్యలేదు, చెరిపెయ్యలేదు, అలాగే ఉంచాను. రేపు జి. కొండూరు నుంచి ఒక ముసలాయన వస్తున్నాడు. చాలా భయస్థుడట. ముందు నేనే పడుకోవాలి.